అర్థమైనట్టున్న మొహం

"అర్థమైందా?" అని క్లాసును అడిగే టీచర్లంటే నాకు ఒళ్ళు మంట. బళ్ళో లెక్కలు చెప్పినన్నాళ్ళూ నేనూ అదే అడిగాను కాబట్టి ఆ మంట ఇంకాస్త ఎక్కువ. క్లాసంతా ఒక్క గొంతుతో "అయ్యింది టీచర్" అంటుంది. ఎవరికి అయింది, ఎవరికి కాలేదు, ఎవరికి గంట కొడితే చాలు అన్నది ఆ అరుపులో తెలిసి చావదు. అందుకే మాటను నమ్మడం మానేసి మొహాలను నమ్మేదాన్ని. కనుబొమలు ముడిపడితే కాలేదు, విచ్చుకుంటే అయింది. ఈ విద్య మీద నాకు చాలా గర్వం ఉండేది. అది కాస్తా ఫిల్మ్ నగర్‌లో ఒక పదకొండేళ్ళ పిల్ల దగ్గర దిగిపోయింది.

ఉద్యోగం మానేశాక వెంగళరావు నగర్‌లో మా ఇంటి చుట్టుపక్కల ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. తెలిసినవాళ్ళ ద్వారా ఒక చైల్డ్ ఆర్టిస్ట్ వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళది భీమవరం వైపు. కూతురి కోసం ఇక్కడే ఫ్లాట్ తీసుకుని ఉంటున్నారు. పాప ఆరో క్లాసు. ఆ పిల్లను సెట్లో అందరూ పాప అనే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది. షూటింగుల వల్ల సగం రోజులు బడికి వెళ్ళదు. షాటుకీ షాటుకీ మధ్య, నటులు కూర్చోవడానికి పెట్టే ఏసీ బస్సులో నేను లెక్కలు చెప్పాలి. ఆ బస్సును వాళ్ళు కారవాన్ అంటారు.

"మా పాపకి ఒక్కసారి చెప్తే చాలండీ టీచర్ గారూ. వన్ టేక్ ఆర్టిస్ట్ అని యూనిట్ అంతా అంటారు" అంది తల్లి.

అదే కొంప ముంచింది. పాప చదివే బడి ప్రిన్సిపాల్‌కి కూడా ఆ సంగతి తెలుసు. నన్ను పిలిపించి ఒకటే మాట చెప్పింది. "మార్కులు నాకొద్దు. ఏదిచ్చినా అప్పజెప్పేస్తుంది. భిన్నాలు ఆ అమ్మాయికి నిజంగా అర్థమయ్యాయో లేదో మీరు చెప్పండి. అయ్యాయంటే ఏడో క్లాసుకి పంపిస్తాను. లేదంటే మళ్ళీ ఆరే. మీ మాటే ఫైనల్."

నా మాట ఫైనల్ కావడం నా జీవితంలో అదే మొదలు. ఇంట్లో కూర ఏం వండాలో కూడా నా మాట ఫైనల్ కాదు.

పాపకి ఈ సంగతి చెప్పాను. "ఫెయిలైతే మా ఫ్రెండ్స్ అందరూ పైకి వెళ్ళిపోతారు కదా టీచర్. నేనొక్కదాన్నే చిన్నపిల్లల్తో కూర్చోవాలా?" అంది. ఆ మాట అన్నప్పుడు మొహంలో ఏ ఎక్స్‌ప్రెషనూ లేదు. అందుకే నమ్మాను.

మిగతా అన్నింటికీ ఎక్స్‌ప్రెషన్ ఉండేది. మొదటిరోజు భిన్నాల కూడిక మొదలుపెట్టాను. హారాలు వేరువేరుగా ఉంటే కింద ఉన్నవి సమానం చేయాలి అని చెప్తుంటే పాప ముందు కొంచెం తల వంచి విన్నది. తర్వాత కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. కనుబొమలు పైకి లేచాయి. పెదవి చివర చిన్న నవ్వు. "ఓ! అందుకా!" అన్నది. అంత చక్కగా అర్థమైన మొహాన్ని నేను బళ్ళో ఎన్నడూ చూడలేదు. నా సర్వీసు ధన్యమైపోయిందనుకున్నాను. అదే ఊపులో పావుకి అయిదో వంతు కలపమని లెక్క ఇచ్చాను. పైవి పైవి, కిందవి కిందవి కూడేసి, "రెండు బై తొమ్మిది" అని మళ్ళీ అదే మొహం పెట్టింది.

సరే, చెప్పింది తిరిగి చెప్పమన్నాను. టీచర్లందరం చేసే పనే ఇది. చెప్పింది. అక్షరం పొల్లుపోలేదు. నేను ఎక్కడ ఆగానో అక్కడ ఆగింది, మధ్యలో నేను ఎక్కడ గొంతు సవరించుకున్నానో అక్కడ తనూ సవరించుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీన్ పేపరు విని పట్టేసే పిల్లకి పాఠం ఒక సీను. దానికి నేనిచ్చింది డైలాగు.

మర్నాడు టిఫిన్లో వచ్చిన పెసరట్టు తెమ్మని ప్రొడక్షన్ కుర్రాణ్ణి అడిగి, ప్లేటులో పెట్టి కోయించాను. సగం ఒక పక్క పెట్టించాను, మూడో వంతు ఇంకో పక్క. రెండూ ఒకే సైజు ముక్కలుగా చేయమన్నాను. అప్పుడు మాత్రం మొహంలో ఏమీ మారలేదు. నుదురు ముడుచుకుని, నాలుక కొస బయటపెట్టి, చాకుతో ఆ పెసరట్టును పొడిచి పొడిచి చూసింది. నాకు ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు కొట్టి అసిస్టెంట్ డైరెక్టర్, "మేడం, పాపను జర పంపుర్రి, షాట్ రెడీ అయింది" అన్నాడు. తిరిగొచ్చేసరికి పెసరట్టు లేదు. తల్లి తినేసింది. "చల్లారిపోతుందని అండీ" అంది.

ఇలా రోజులు గడిచాయి. పాప లెక్కలు కొన్ని సరిగ్గా చేస్తోంది, కొన్ని తప్పుతోంది. సరైనవి తెలిసి చేస్తోందా, నా మొహం చూసి చేస్తోందా? జవాబు రాస్తూ మధ్యలో ఒకసారి తలెత్తి నన్ను చూసేది. నా కనుబొమ కాస్త కదిలితే చాలు, కొట్టేసి ఇంకోటి రాసేది. మొహాలు చదివే విద్య నాకొక్కదానికే వచ్చనుకున్నానే, ఈ పిల్లకి నాకంటే బాగా వచ్చు. దాంతో ఆ పిల్ల వెనక్కి వెళ్ళి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మేకప్ అద్దంలో నన్ను చూసింది.

చివరికి నా దగ్గరున్న పెద్ద అస్త్రం తీశాను. కావాలని తప్పు చేయడం. బళ్ళో ఇది ఎప్పుడూ గురి తప్పేది కాదు. బోర్డు మీద ఒక తప్పు రాస్తే, అర్థమైనవాడు ఎగిరి గంతేసి "టీచర్, తప్పు!" అని అరుస్తాడు. పలక మీద సగానికి మూడో వంతు కలిపి రెండు బై అయిదు అని ధీమాగా రాశాను. పాప చూసింది. తల ఊపింది. దాన్ని చక్కగా నోట్సులోకి ఎక్కించుకుని, "నెక్స్ట్ టీచర్?" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏందమ్మా గిట్ల? ఇన్ని రోజులు నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది? తప్పు కనబడ్తలేదా?" అని అరిచాను. కోపం వస్తే నాకు మా ఇంటి భాష వచ్చేస్తుంది.

పాప బిత్తరపోయింది. "తప్పని తెలుసు టీచర్. కానీ మీరు చెప్తున్నారుగా. ఎదుటి ఆర్టిస్ట్ తప్పు చెప్పినా మనం ఆగకూడదు. డైరెక్టర్ గారు కట్ చెప్పేదాకా కంటిన్యూ చేసెయ్యాలి. అమ్మ చెప్పింది."

నేను నోరెళ్ళబెట్టాను. పెద్ద నటులు డైలాగు మర్చిపోతే ఈ పిల్ల అందుకుని సర్దేస్తుందని, అందుకే అందరికీ ముద్దని తల్లి అంతకుముందే గొప్పగా చెప్పింది. నా తప్పును కూడా అలాగే సర్దేసిందట. కానీ నిజంగా తెలిసే సర్దిందా? లేక నేను అరిచాక, నా మొహం చూసి తప్పని కనిపెట్టి, ఈ కథ అల్లిందా? ఆ కళ్ళల్లోకి ఎంత చూసినా ఏమీ తెలియలేదు. "ఇకనించి నేను తప్పు చేస్తే నువ్వే ఆపాలి, నా దగ్గర డైరెక్టర్లెవరూ లేరు" అని మాత్రం చెప్పాను. తల ఊపింది. ఆ తల ఊపడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ప్రిన్సిపాల్ గడువు దగ్గరపడింది. అయ్యాయని చెప్పడానికి మనసొప్పలేదు. కాలేదని చెప్తే పిల్ల స్నేహితులకు దూరమై ఏడాది పోగొట్టుకుంటుంది. ఏమీ తేల్చుకోలేక, తలనొప్పితో ఆఖరి షెడ్యూలుకు వెళ్ళాను. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళాను బడిలా మార్చారు. హీరోయిన్ చిన్నప్పటి సీను. క్లాసులో లెక్కల మాస్టారు అడుగుతాడు, పాప లేచి జవాబు చెప్తుంది, మాస్టారు శభాష్ అంటాడు. పేపరు ఆ ఉదయమే ఇచ్చారట. నేను లైట్ల వెనక, తెర చాటున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పాపకి నేను కనబడను.

యాక్షన్ అన్నారు. మాస్టారి వేషంలో ఉన్నాయన బెత్తం ఊపుతూ, "ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై నాలుగు, ఎంత?" అన్నాడు.

పాప లేచి, "మూడు బై నాలుగు సార్!" అంది.

"కట్" అన్నారు. అసిస్టెంట్ డైరెక్టర్ పేపరు పట్టుకుని పరిగెత్తాడు. "పాపా, ఈడ రెండు బై ఆరు ఉంది. గదే చెప్పు."

మళ్ళీ యాక్షన్. మళ్ళీ మూడు బై నాలుగు. మానిటర్ పక్కనుంచి తల్లి, "పాపా, ఫోకస్!" అని అరిచింది. ఇంకో టేకులో "రెండు" అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇంకో టేకులో నోరు తెరిచి ఊరికే నిలబడింది. నేను ఆగలేక లేచి, "అయ్యా, అది తప్పండీ" అన్నాను.

"మేడం, జర కూసోర్రి, సౌండ్ నడుస్తుంది" అని ఎవరో నన్ను కూర్చోబెట్టారు.

డైరెక్టర్ లేచి పాప దగ్గరికి వచ్చాడు. "ఏంటమ్మా ఇవాళ? నువ్వెప్పుడూ ఇలా చెయ్యవే. ఏమైంది?"

"రావట్లేదు సార్" అంది పాప. "సగానికి ఇంకొంచెం కలుపుతున్నాం కదా సార్. మరి సగం కంటే తక్కువ ఎలా అవుద్ది?"

డైరెక్టర్ రచయిత వైపు చూశాడు. రచయిత అసిస్టెంట్ వైపు చూశాడు. అసిస్టెంట్ ఫోన్ తీసి ఏదో నొక్కడం మొదలుపెట్టాడు. "థియేటర్లో ఎవరు లెక్కపెడతారమ్మా, చెప్పేయ్" అన్నాడు డైరెక్టర్. పాప సరేనంది. మళ్ళీ యాక్షన్ అన్నారు. మళ్ళీ మూడు బై నాలుగే వచ్చింది. ఈసారి ఏడ్చేసింది. వెలుతురు పోతోందని కెమెరామన్ విసుక్కుంటే, చివరికి డైరెక్టర్ చేతులెత్తేసి, పాప చెప్పిందే ఉంచేశాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. సగంతో పోల్చి చూడమని నేనెప్పుడూ చెప్పలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. హారాలు సమానం చెయ్యి, హారాలు సమానం చెయ్యి అని ఒకటే గోల పెట్టాను తప్ప. ఆ మాట పాపదే. ముందు సంతోషం కాదు, కోపమే వచ్చింది. ఇన్నాళ్ళు నా ప్రాణం తోడేసి, తెలిసిన సంగతి నాకు కాకుండా ఆ సెట్టంతటికీ చెప్పినందుకు. సంతోషం కాసేపాగి వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కున్నాను.

తల్లి మాత్రం నా మీద మండిపడింది. "వన్ టేక్ ఆర్టిస్ట్ అని పేరండీ టీచర్ గారూ. పోయింది. ఏం నేర్పారండీ మీరు?"

నేను నా బ్యాగు తీసుకుని ఆటో ఎక్కాను. జూబ్లీహిల్స్ చెక్ పోస్ట్ దగ్గర ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, అక్కణ్ణించే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను. ఏడో క్లాసుకి పంపించండి అన్నాను.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు? పరీక్ష పెట్టారా?"

"లేదు మేడమ్" అన్నాను. "ఇవాళ అంతమంది పెద్దవాళ్ళు నిలబెట్టి తప్పు జవాబు చెప్పమని అడిగారు. పాప చాలా ప్రయత్నించింది. చెప్పలేకపోయింది."