రేసు టైర్లకు ఆవనూనె

ఈ రోజు విశ్వకర్మ పూజ. మా మనవరాలు ఎల్లుండి తన స్పోర్ట్స్ కారును రేసు ట్రాక్ మీద నడపబోతోంది. అందుకని ఏరికోరి మెత్తని టైర్లు వేయించుకుంది. కారుకు బొట్లు పెట్టిన నేను, ఊరుకోలేక నాలుగు టైర్లకూ ఆవనూనె పట్టించాను. వాట్‌గంజ్ రేవులో మా నాన్న క్రేన్ చక్రాలకు ఏటా అదే చేసేవాడు. అవి ఇనుపవి లెండి.

"ఏటి తాతా, నేలకి తగిలేకాడ కూడా రాసీసినావా?"

"నిగనిగలాడతాయని..."

"నిగనిగలెవడిక్కావాల? పట్టు కావాల! మొదటి మలుపులోనే గోడకి కొట్టీస్తాను."

సాయంత్రం దాకా ఇద్దరం సబ్బునీళ్లతో తోమాం. పూర్తిగా పోయిందని అది అంటోంది. నా వేలికి మాత్రం ఇంకా జిడ్డు తగులుతూనే ఉంది. ఆవనూనె రబ్బరులోకి ఇంకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకదనేవాళ్లు ముందు రాయండి.