గుడ్డతో వడకట్టిన డీజిల్

“తొయ్యకే, నీ నడుం పట్టేత్తాది,” అన్నాడాయన. “నువ్వు మాటాడకుండా కూకో బావా,” అన్నాను నేను. మా ఆలుమగల మధ్య ఆఖరి మాటలు అవే. ఆయన వెనక సీట్లో గుండె పట్టుకుని ఉన్నాడు. నేను ఆగిపోయిన కారు వెనక నిలబడి ఉన్నాను.

ఇన్నేళ్ళకి ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ పొద్దున మా మరిది కూతురు అచ్యుతాపురం నుంచి తన కారేసుకుని వచ్చింది. అక్కడ మందుల కంపెనీలో పనిచేస్తుంది. చెప్పులు విప్పుతూనే, “పెద్దమ్మా, షెడ్డోళ్ళు ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాలంటన్నారు. బండి బాగానే నడుత్తంది కదా, వచ్చే నెలకి ఆపేనా?” అంది. అడగాల్సింది వాళ్ళ నాన్నని. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అంత నెమ్మదిగా నడిపే డ్రైవరు లేడు. ఇప్పుడు కూతురి కారైనా సరే స్టీరింగు ముట్టడు, వెళ్ళి వెనక కూర్చుంటాడు. పిల్ల అడిగిన దగ్గర్నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. వీధిలోకి వెళ్ళాను, పెరట్లోకి వెళ్ళాను, పొయ్యి మీద కూర మాడిన వాసన వచ్చేదాకా కూర పెట్టానన్న సంగతే గుర్తు లేదు. చివరికి ఆ పిల్లనే కూర్చోబెట్టి, కాగితం తెచ్చుకో, నేను చెబుతాను రాయి అన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల మాట. కొండకర్ల దగ్గర మాకు చెరుకు చేను, గానుగ, గానుగకో డీజిల్ ఇంజిను, దాని పక్కన డీజిల్ డ్రమ్ము. మా ఆయనకి కారంటే పిచ్చి. ఎక్కడో పాత డీజిల్ కారు కొనుక్కొచ్చాడు. నడిపేది మా మరిది, తుడిచేది ఈయన. పొద్దున లేస్తే దాని అద్దాలు, దాని తలుపులు. నన్నెప్పుడూ ఇలా చూసుకోలేదు కదా అని దెప్పితే, “దానికి నోరు నేదే, అందుకని,” అనేవాడు.

గానుగ ఆడే రోజుల్లో అనకాపల్లి బంకు దాకా వెళ్ళే తీరిక ఎవరికీ ఉండదు. డ్రమ్ములో డీజిలే కారుకీ పోసేవాళ్ళం. పోసేది నేనే. చెరుకు రసం బెల్లం వండే పెనంలోకి పోసే ముందు పాత చీర గుడ్డ కట్టి వడకట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. డీజిల్నీ అలాగే వడకట్టాను. పిప్పి, ఆకుముక్కలు, చచ్చిన చీమలు గుడ్డ మీద నిలిచేవి. కిందికి తేటగా దిగేది. దాన్ని చూసి నాకెంతో గొప్పగా ఉండేది.

ఆ ఏడు కారు పొద్దున్నే స్టార్టవడానికి ఏడిపించింది. నలుగురు ఎక్కితే చాలు, ఎత్తు దగ్గర కుదుపులు. మెకానిక్ ఒకరోజు మా ఇంటికే వచ్చి ఆయనతో, “బావా, బంకు నూనైతే పదేలు కిలోమీటర్లు ఆగొచ్చు. నువ్వు పోసేది డ్రమ్ము నూనె, అందులో సగానికే పిల్టర్ మార్సీయాల. ఎత్తు కాడ లాగనేదంటే అది మూసుకుపోతందన్నమాటే,” అని చెప్పి వెళ్ళాడు. మరిది వెంటనే, “అన్నియ్యా, రేపు షెడ్డుకి అట్టుకెల్లిపోతాను,” అన్నాడు. కొట్టిన చెరుకు గానుగ దగ్గర పడి ఉంది. ఎండితే రసం దిగదు. ఒక మనిషి తగ్గితే గానుగ ఆగుతుంది. “నాను వడకట్టే పోత్తన్నాను కదా, మల్లా పిల్టరేటి? గానుగయ్యేక సూద్దారి,” అన్నాను. ఆయన పకపకా నవ్వి, “ఒరే, మీ వదినే పిల్టరంట. ఇంకేటి మారుత్తాం!” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

నాలుగో రోజు తెల్లారాక ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. కారు ఎలాగో స్టార్టయింది. కాలవ గట్టు ఎత్తు ఎక్కుతూ నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మరిది సెల్ఫ్ కొట్టాడు, కొట్టాడు, బానెట్ ఎత్తాడు, దించాడు. నేను దిగి తోశాను. ఇంజినుకి నూనె అందకపోతే తోసినా లాభం లేదని అప్పుడు తెలీదు. ఆఖరికి చెరుకు ట్రాక్టరొకటి వస్తే అందులోకి ఎక్కించాం. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. ముందే వచ్చుంటే బతికేవాడా అని డాక్టర్ని అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని.

పదకొండో రోజయ్యాక మెకానిక్ ఆ ఫిల్టరు విప్పి నా ముందే గిన్నెలో వంచాడు. ముందు నీళ్ళు పడ్డాయి. ఆ తరవాతే నూనె. లోపల మడతల కాగితం నిండా బురద. డ్రమ్ములో చేరిన నీళ్ళు, మన్నూ అవి. “గుడ్డకి సెత్త ఆగుద్ది గానీ నీల్లాగుతాయేటక్కా?” అన్నాడు. రోజూ నా చేతుల మీదుగా గుడ్డలోంచి రసం దిగుతూనే ఉంది. అయినా నాకు తట్టలేదు.

ఊరంతా మరిదినే అంది. “నడపడం సేతకాక అన్నని సంపుకున్నాడు,” అని ఎదురుగానే అన్నారు. షెడ్డుకి తీసుకెళ్తానంటే వదిన ఆపింది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అతను అనలేదు. తాళం చెవులు తెచ్చి నా గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు. నేనూ నోరు విప్పలేదు.

ఈ ముక్క దగ్గర పిల్ల రాయడం ఆపింది. ఆపకమ్మీ, రాయి. మీ నాన్న స్టీరింగు వదిలింది చేతకాక కాదు. నీ ఫిల్టరు వచ్చే నెలకి ఆపకు, రేపే మార్పించు. నేనూ ఈ మాట అలాగే ఆపుకుంటూ వచ్చాను. ఏడాది తిరిగాక చెబుదామనుకున్నాను, ఆ తరవాత నీ చదువయ్యాక అనుకున్నాను. ఒక్కొక్కటీ అయిపోయాయి. మీ నాన్న జుట్టు నా కళ్ళ ముందే తెల్లబడిపోయింది. మనం మాట కూడగట్టుకునే దాకా ఏళ్ళు ఆగవు. సాయంత్రం అతను వస్తే ఇది అతని ముందరే చదవాలి, వీధి అరుగు మీద, నలుగురూ వినేలా. ముందు నాకోసారి మొదటి నుంచీ చదివి వినిపించు. నా తప్పు ఎక్కడైనా తగ్గించి రాశావేమో వినాలి.