అత్తగారు ‘కాల్’ అన్న చలికాలం

మేముండే నోవై ఊళ్లో ఆ చలికాలపు శనివారాలన్నీ నాకిప్పుడు ఒకే మధ్యాహ్నంలా గుర్తొస్తాయి. కిటికీ అవతల మంచు పడుతూనే ఉండేది. ఎదురింటి కప్పు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలయ్యేదో తెలిసేది కాదు. మా ఆవిడ ఫార్మసిస్టు, శనివారాలు ఆమెకు డ్యూటీ. ఇంట్లో మిగిలేది నేనూ, ఆరు నెలలు ఉందామని వచ్చిన మా అత్తగారూ.

ఆవిడది కోనసీమ. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మా మధ్య మాటలు తక్కువే. నేను సోఫాలో కూర్చుంటే ఆవిడ వంటింట్లోకి వెళ్లేవారు. ఆవిడ ఇవతలికి వస్తే నేను లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఇద్దరిదీ మర్యాదే, ఇద్దరికీ ఇబ్బందే.

ఒక శనివారం డైనింగ్ టేబుల్ మీద పేకముక్కలు పరుచుకుని ఒక్కణ్ణే పోకర్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆఫీసు స్నేహితులతో అప్పుడప్పుడూ ఆడేవాణ్ణి, ఎప్పుడూ ఓడేవాణ్ణి. అత్తగారు వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆవిడ పాస్టరుగారి కూతురు, ఏమనుకుంటారో అని ముక్కలు దగ్గరికి లాక్కున్నాను. డబ్బు పెట్టి ఆడతారా అని అడిగారు. లేదు, ఊరికే నేర్చుకుంటున్నానన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చిన్నప్పుడు వాళ్ల అన్నలు గడ్డివాము చాటున పేకాడుతుంటే, నాన్నగారు వస్తున్నారేమో చూడమని ఈవిడని కాపలా పెట్టేవారట. ఒక్కసారి కూడా ముక్క చేతికివ్వలేదట.

నేను డబ్బాలోంచి రాజ్మా గింజలు తెచ్చి చెరి సగం పంచాను. ఆట చెప్పాను. చేతిలో చెరో రెండు ముక్కలు, మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా ఐదు. ఆ ఐదూ మొదట మూడు, తర్వాత ఒక్కొక్కటిగా తెరుచుకుంటుంటే పందెం కాయాలి. అవతలివాళ్ల పందేనికి సరిసమానంగా కాస్తే కాల్, పెంచితే రైజ్, వద్దనుకుంటే ముక్కలు పడేయడం. చివరిదాకా ఉంటే ఎవరి చెయ్యి పెద్దదో చూసుకోవడం. జత కంటే ఒకే గుర్తువి ఐదు పడితే పెద్ద చెయ్యి.

ఆవిడ అన్నింటికీ కాల్ అనేవారు. మొదటి రెండు వారాలు చేతిలో ఏమీ లేకుండానే గింజలు కుప్పగా తోసి భయపెట్టబోయాను. ఆవిడ నెమ్మదిగా లెక్క సరిచేసి కాల్ అనేవారు. నా దగ్గర ఏమీ లేదు, ఆవిడ దగ్గర నాలుగుల జత. గింజలు అటు వెళ్లేవి.

అప్పుడు ఆలోచించాను. ఈవిడ ముక్కలు పడేయరు, రైజ్ చేయరు. ఇలాంటివాళ్ల ముందు బ్లఫ్ చేయడం గోడకి అబద్ధం చెప్పడమే. అందుకని బ్లఫ్ పూర్తిగా మానేశాను. మంచి చెయ్యి వస్తే మామూలుకి రెట్టింపు కాశాను, అంతంతమాత్రంగా ఉంటే ఊరుకున్నాను. అంతే, గింజలు నావైపు పారడం మొదలుపెట్టాయి. ఇంకోటి కూడా కనిపెట్టాను. కొన్నిసార్లు ఆవిడ ముక్కల్ని కిటికీ వెలుతురుకేసి వంచి, చాలాసేపు చూసేవారు. మంచి ముక్కలు పడ్డాయి కాబోలు, మురిసిపోతున్నారనుకున్నాను. అది ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను కూడా. ఎదుటి మనిషిని చదవడం వచ్చేసిందని ఎంత గర్వమో.

ఆ మధ్యాహ్నాలు కలలో నడిచినట్టు నడిచేవి. మంచు వెలుగు టేబుల్ మీద పాలలా పరుచుకునేది. ఓడిపోతున్నా ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉండేది. రాత్రి డ్యూటీల గురించీ, గోదారి వరదలో పడవ మీద పురుడు పోసిన సంగతీ చెప్పేవారు. నేను గింజలు పోగేసుకుంటూ వినేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యలో మూడు ఇస్పేటు ముక్కలు పడ్డాయి. నా చేతిలో రాజుల జత. అలవాటుగా పెద్ద పందెం కాశాను, ఆవిడ కాల్ అన్నారు. ఎప్పుడూ ముక్కలు తిప్పి, ఎవరు గెలిచారో నన్ను చెప్పమనేవారు. ఆ రోజు మాత్రం మొదటిసారి ఆవిడే చెప్పారు.

"ఐదూ ఇస్పేట్లేనండి."

చూశాను. ఒకటి ఇస్పేటే. రెండోది కళావరు ఏడు. ఆ ముక్కని ఆవిడ ముందుకు జరిపాను. చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు తిప్పి, దాదాపు ముక్కుకి ఆనించుకుని చూశారు.

"అవునండి, కళావరే," అన్నారు. ముక్క కింద పెట్టి, "అంకెలు తెలుస్తాయి బాబూ. గుర్తులే అలుక్కుపోతాయి. పడేస్తే మంచి ముక్కలు పోతాయేమోనని కాల్ అనేదాన్ని. చివర్లో ఎలాగూ మీరు చూసి చెప్తారు కదా."

ఇంతకాలం నేను చదివింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఎన్నాళ్లనుంచి అని అడిగాను. ఏడాది దాటిందన్నారు. మా ఆవిడకి చెప్పొద్దన్నారు, చెప్తే తనని చిన్నపిల్లలా చూసుకుంటూ కూర్చుంటుందని. ఆ ఒక్క మాట నేను వినలేదు. సాయంత్రం మా ఆవిడ బూట్లు విప్పకముందే చెప్పేశాను. అత్తగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి వారం పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో కంటి డాక్టరుకి చూపించాం. రెండు కళ్లకీ శుక్లాలు. ఏప్రిల్‌లో ఊరెళ్లి, అక్కడే ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేయించుకున్నారు. కట్లు విప్పిన రోజు ఆవిడే నాకు ఫోన్ చేశారు. గోడ మీద బల్లి తోక కూడా కనిపిస్తోందని చెప్పి నవ్వారు. తొమ్మిదేళ్లలో ఆవిడ నాకు నేరుగా ఫోన్ చేయడం అదే మొదలు.

మళ్లీ చలికాలానికి వచ్చారు. నేను పాత పద్ధతిలోనే, మంచి చెయ్యి రాగానే పెద్దగా కాశాను. ఆవిడ ఒక్కసారి చూసి ముక్కలు పడేశారు. మళ్లీ కాశాను, మళ్లీ పడేశారు. సరే, ఇప్పుడు బ్లఫ్ పనిచేస్తుందని మార్చాను. రెండుసార్లు పనిచేసింది. మూడోసారి ఆవిడ రైజ్ చేశారు. ఎన్నడూ పెంచని మనిషి పెంచిందంటే గట్టి చెయ్యే అయి ఉండాలని పడేశాను.

"ఏమున్నాయి అత్తయ్యా?"

"చూడాలంటే కాల్ చేయాలి కదండీ," అని ఆ రెండు ముక్కల్నీ పేకలో కలిపేశారు.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆట ఎలా సాగిందో గుర్తులేదు. టీ పెట్టడానికి నేను లేచాననీ, పాలు పొంగబోతుంటే ఆవిడ వచ్చి స్టవ్ తగ్గించారనీ, ఇద్దరం వంటింట్లోనే నిలబడి టీ తాగామనీ మాత్రం గుర్తుంది.