ఎదురుకాళ్ల పిల్ల, మస్తాన్ సార్

నొప్పులకు కొట్టే స్ప్రే వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నా గుండె జోరందుకుంటుంది. నిన్న సాయంత్రం కూడా అంతే. కబడ్డీ కోర్టు పక్కన సంచీ తెరవగానే ఆ చల్లని ఘాటు గుప్పుమంది, వెంటనే మస్తాన్ సార్ గుర్తొచ్చారు. పొట్టి మనిషి. మెడలో విజిల్, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక క్రేప్ బ్యాండేజి చుట్ట. ఆటగాళ్ల దెబ్బలు చూసే ఈ పని పిచ్చి నాకు పట్టించింది ఆయనే. మీరెవరూ ఆయన్ను చూడలేదు కాబట్టి నాకు చెప్పాలన్న తొందర ఇంకా ఎక్కువ.

మాది మైపాడు. నేను ఎదురుకాళ్లతో పుట్టాను, తలకంటే ముందు కాళ్లు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుం పట్టు వదిలిపోతుందని మా ఊళ్లో నమ్మకం. వల లాగి లాగి నడుం పట్టేసిన వాళ్లంతా పొద్దున్నే మా ఇంటి ముందు బోర్లా పడుకునేవారు. నాన్న నా చేయి పట్టుకుని నిలబెడితే మూడుసార్లు కాలితో తాకేదాన్ని. పదేళ్లకే మా వీధికి నేను పెద్ద డాక్టర్ని, ఆ గర్వం దాచుకునేదాన్నీ కాదు. ఇంటర్ అయ్యాక, డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్లు చదివే కోర్సు ఒకటుందని తెలిసింది. ఆరోగ్యశాస్త్రం, ఆటగాళ్ల దెబ్బలు, వాళ్లను తిరిగి ఆటకు సిద్ధం చేయడం. ఇది నాకోసమే పెట్టారనుకుని ఎగిరి గంతేశాను.

మొదటి క్లాసులో, ఎందుకొచ్చారో చెప్పమన్నారు సార్. నేను నా కాలి మహిమ చెప్పాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"తాకించేముందు వాళ్లనేమడిగినావు?"

"ఏమీ అడగలేదు సార్. వాళ్లే వచ్చి పడుకునేవాళ్లు."

"అయితే నీ కాలికి అన్ని నడుములూ తెలుసు, నీకు ఒక్కటీ తెలీదు. బాగుంది, మొదలుపెడదాం."

ఆదివారాలు మమ్మల్ని బస్సెక్కించి మైపాడు తీసుకెళ్లేవారు. ఒడ్డున వల లాగేవాళ్ల ముందు నిలబెట్టి, ఎవరి భుజం ముందుకొస్తోంది, ఎవరు మడమ ఆనించడం లేదు అని అడిగేవారు. ఆ వరసలో మా నాన్న కూడా ఉన్నాడు. బరువంతా ఎడమ కాలి మీదే వేస్తున్నాడు. చిన్నప్పటినుంచీ రోజూ చూసిన మనిషిలో నేనెన్నడూ చూడని సంగతి. ఆ సంతోషం పట్టలేక, తిరుగు బస్సులో దారిన పోయేవాళ్ల నడకలన్నీ చూస్తూ, హాస్టలు దగ్గర దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మూడో ఏడాది చివర ఒక ప్రాక్టికల్ ఉండేది. సార్ సంతకం పెడితే పీజీకి వెళ్తాం, లేకపోతే డిగ్రీ పట్టుకుని ఇంటికి. నాది బుచ్చిరెడ్డిపాలెంలో, ఆడపిల్లల కబడ్డీ పోటీల్లో పడింది. సెమీస్ గెలిచిన జట్టులో సుగుణ అనే పిల్ల నడుం పట్టుకుని కూలబడింది. నా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, వాళ్ల మేనేజరు రమణమ్మ గారు నా దగ్గరికొచ్చారు.

"ఎదురుకాళ్ల పిల్లవంట కదమ్మా. ఒకసారి కాలు తగిలించు, ఫైనల్ ఉంది."

అందరూ నా వంకే చూస్తున్నారు. పాత గర్వం తన్నుకొచ్చింది. సుగుణ బోర్లా పడుకుంది, నేను మూడుసార్లు తాకాను. ఆమె లేచి నవ్వుతూ గెంతింది. జనం చప్పట్లు. నేను గాల్లో తేలిపోతూ సార్ వైపు తిరిగాను.

"కాలు తిమ్మిరిగా ఉందేమో అడిగినావా?" అన్నారు, అంతే.

అడగలేదు. పరిగెత్తుకెళ్లి అడిగాను. సుగుణ తలవంచుకుంది.

"పొద్దున్నుంచి ఎడమ పాదం మొద్దుబారినట్టుందక్కా. నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

నడుంలో నరం నొక్కుకుంటోందేమో. ఒక్కరి మీద ఏడుగురు పడే ఆట అది. ఈ పిల్ల ఆడకూడదని రమణమ్మ గారితో చెప్పాను.

"ఇప్పుడే నయం చేసినావు, ఇప్పుడే వద్దంటావా?" అని ఆమె మండిపడ్డారు. జట్టంతా నా మీదికొచ్చింది. సార్ వచ్చి నా పక్కన నిలబడ్డారు, ఒక్క మాటా సాయం చేయలేదు. ఆడకూడదని మళ్లీ మళ్లీ చెప్పాను. సుగుణ లేని జట్టు ఫైనల్ ఓడిపోయింది. తర్వాత స్కానింగులో, డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని తేలింది.

సార్ సంతకం పెట్టలేదు.

"చివరికి సరిగ్గానే చేశాను కద సార్?"

"చేసినావు. నేనడిగితే చేసినావు. నేను లేని రోజు?"

నెల తర్వాత మరో అవకాశమిచ్చారు. పరీక్ష గదిలోకి వెళ్తే బల్లమీద పడుకుని ఉన్నది సుగుణే. "ఏమేం దాచాలో చెప్పి పడుకోబెట్టినా. కనుక్కో" అన్నారు సార్. చేతులు కట్టుకుని అడగడం మొదలుపెట్టాను. ఎక్కడ, ఎప్పటినుంచి, దగ్గితే నొప్పి కాల్లోకి పాకుతోందా. దాచినవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తుంటే నాకు లోపల ఒకటే ఉత్సాహం.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాను చివరికి.

"ఉందక్కా. నీ మీద కోపం."

"ఫైనల్ ఆడనీయలేదనా?"

"కాదు. ముందే అడగలేదని. అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని."

ఏడుపాగలేదు నాకు. సార్ సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చి ముందు సుగుణ చేతిలో పెట్టారు. ఆమె చదివి, సరేనన్నాకే సంతకం చేశారు.

ఆ పీజీ పూర్తిచేసి ఇప్పుడొక కబడ్డీ జట్టుకు ట్రైనర్నయ్యాను. సార్ రిటైరై నాయుడుపేటలో ఉంటున్నారు. నిన్న కూతకెళ్లిన మా రైడరొకతె కిందపడింది. తొందరగా కానియ్యమ్మా అని జనం అరుస్తున్నారు. నేను పక్కన మోకాళ్లమీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ అడిగాను. ఆ పిల్ల జవాబు చెప్పేదాకా నా చేతులు కదల్లేదు.