ముసఫ్ఫాలో ఇంటిపేరు కలిసిన రోజు

కరోనా తగ్గిన ఏడాది అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో ఒక ఇనుప వర్క్‌షాపు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా ముదీర్, అంటే మేనేజరు, జర్మన్. తన ఇంటిపేరంటే ఆయనకు మహా పిచ్చి. ఏదో కొండపల్లెలో ఒక్క గడపలో పుట్టిందట. కొందరు బ్రెజిల్ వెళ్ళారట, కొందరు రష్యా. లోకమంతా గాలించినా ఆ పేరువాళ్ళు పట్టుమని పదిమంది దొరకరట. ఆ సోది విని విని నా తల వాచిపోయేది.

ఒకరోజు నమీబియా నుంచి కొత్త వెల్డర్ వచ్చాడు. నల్లగా, ఆజానుబాహువు. హెల్మెట్ మీద అదే ఇంటిపేరు! మా మేస్త్రిది జగిత్యాల వైపు. ఇంటిపేరు కలిస్తే పాలోళ్ళే, దాయాదులే, చస్తే మైల పట్టాల్సిందే అనుకునే మనిషి. వెల్డర్ చెయ్యి పట్టుకుని ముదీర్ గదిలోకి లాక్కొచ్చాడు.

"నువ్వన్న చెప్పు సారూ, పాలోడు దొరికిండని!" అన్నాడు నాతో.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ముదీర్ హెల్మెట్ చూసి పకపకా నవ్వాడు.

"మావాళ్ళు నమీబియాని ఏలినప్పుడు నౌకరెవడో యజమాని పేరు తగిలించుకుని ఉంటాడు."

"నౌకరు కాదు," అన్నాడు వెల్డర్. "మా ముత్తవ్వను కొరడాతో కొట్టి చెరిచిన మీ సిపాయి పేరిది."

అంటూనే ముదీర్ మెడ పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు చిట్లి చొక్కా అంతా నెత్తురు. సెక్యూరిటీవాళ్ళు వచ్చి వెల్డర్‌ని కిందపడేసి బూట్లతో కుమ్మారు. పన్నొకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

పోలీసులొచ్చారు. ముదీర్ ఫిర్యాదు ఇస్తే వెల్డర్‌కి జైలు, ఆపైన దేశం దాటించడమే. లేదంటే ఖలాస్, వదిలేస్తామన్నారు.

మేస్త్రి దండం పెట్టాడు. "అన్నదమ్ముల కొట్లాట సారూ ఇది. మా దిక్కు తలకాయలు పగలగొట్టుకుంటరు గని పాలోని మీద ఠాణాకు పోరు. గట్లనే చెప్పు."

చెప్పాను.

"వీడు నాకేమీ కాడు. మేం కుక్కలకు కూడా పేర్లు పెడతాం. తీసుకెళ్ళండి," అన్నాడు ముదీర్.

ఒళ్ళు మండి ఆ మాట ఉన్నదున్నట్టు మేస్త్రికి చెప్పేశాను. మేస్త్రి పిడికిలి ముదీర్ దవడ మీద పడింది. పటుక్కుమంది. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

ఇద్దరికీ బేడీలు వేశారు. బండెక్కబోతూ వెల్డర్ నెత్తురు ఉమ్మి, మేస్త్రి వైపు తిరిగి, "నీకెందుకయ్యా ఇదంతా? నీ పొట్ట కూడా కొట్టుకున్నావు," అన్నాడు. మేస్త్రికి తెలుగులో చెప్పాను.

"నేనే గద సారూ తోలుకొచ్చింది. తోలుకొచ్చినోడు ఒంటరిగ ఇడిసిపెడ్తడా?"

దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయాను. సగంలోనే ఏడ్చేశాను.