పలక మీద ఆయన పేరు

"అన్నం ఉడికింది. తిని పోతే ఏమాయె?"

"ఆలిశమైతది. కాయితాలు ఇయ్యాల్నే అందియ్యాలె."

"మరి నాకు అక్షరాలు నేర్పుడు?"

"వచ్చినంక కూసుందాం తియ్యి. గీ ఇంటింటి పని ఒడిసింది గదా."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. మా ఆయన ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో చిన్నపిల్లల బడి పంతులు. ఆ రోజు కాగితాల సంచి భుజాన వేసుకుని కామారెడ్డి పోయాడు. అక్కడే గత్తర, అదే కలరా, సోకింది. మూడో రోజు కబురు వచ్చింది, మనిషి రాలేదు. ఇదంతా నేను చెబుతుంటే నా చెల్లెలి బిడ్డ రాస్తున్నది.

బడి విడిచాక పంతులుకు ఏం పనుంటుందని ఊరంతా అనుకునేది. పెళ్లైన కొత్తలో నేనూ అట్లాగే అనుకుని, మొగుడు పొద్దుండగానే ఇల్లు చేరతాడని మురిశాను. ఏదీ! తెల్లవారితే పిల్లలను పంపమని వాడవాడా తిరిగేవాడు. ఒక కాపు ముఖం మీదే అడిగాడు.

"పంతులూ, పోరగాండ్లను బడికి తోలితె మా బర్లెవరు గాస్తరు? నువ్వు గాస్తవా?"

"శుక్రారం నేను గాస్త. కడమ దినాలు నువ్వు వాండ్లను పంపు."

అప్పటి సర్కారులో బడికి సెలవు శుక్రవారమే. నిజంగానే కర్ర పట్టుకుని ఆ బర్రెల వెంట వాగుకు పోయాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు మిగిలేది ఆ ఒక్క రోజే కదా.

సాయంత్రమైతే అరుగు నిండా జనం. ఒకరికి దరఖాస్తు కావాలి, ఒకరికి అల్లుడికి జాబు రాయాలి. వాళ్లు లేచాక హాజరు పట్టీలు. పైకి పంపేవి సర్కారు భాష ఉర్దూలో రాయాలి, వాటికి గీతలు కూడా ఆయనే కొట్టుకోవాలి. పిల్లల చెక్క పలకలు వెలిసిపోతే గురువారం మాపటికి మా ఇంటికి తెచ్చేవాడు. చిక్కుడాకు పసరులో బొగ్గుపొడి కలిపి వాటికి పూయడం నా పని. ఊరిలో సగం అక్షరాలు నా చేతి మసి మీద రాసినవే. నాకు మాత్రం ఒక్కటీ రాదు.

ఆయన పేరు నోటితో అనకూడదు, అంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ భయం పెట్టింది. అందుకే రాయడం నేర్పమన్నాను. ఒక గురువారం ఒక పలక మీద రాసి, నేను దిద్దుకోవడానికని గోడకు ఆనించి, నాకు చెప్పడం మరిచి ఎవరో పిలిస్తే పోయాడు. పిల్లల పలకే అనుకుని దానికీ మసి పూశాను.

తిరిగివచ్చి చూసి అరుగు మీదే కూలబడి నవ్వాడు. "నా పేరుకే మసి పూసినవు గదనే!"

"చెప్పకపోతె నాకేం ఎరుక?"

"మల్ల రాస్త తియ్యి."

మళ్లీ రాయలేదు. ఇంటింటికీ తిరిగి మనుషులను రాసుకునే సర్కారు పని కూడా పంతుళ్ల నెత్తిన పడింది. నెలల తరబడి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకు ఒరిగి నిద్రపోయేవాడు. లేపి అడుగుదామనుకునేదాన్ని. మనసొప్పేది కాదు. ఒక్కసారైనా లేపి ఉంటే నాలుగు అక్షరాలు నా చేతిలో ఉండేవి. ఇప్పుడు ఆయన గురించి ఇంత చెప్పాను, ఈ రాతలో ఏది ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

బిడ్డా, నేనన్నట్టే రాసినవా? నీ సొంతం కలపకు. ఏదీ, మొదటికెల్లి సదువు. మెల్లగ సదువు, చెవి పెట్టి ఇంటా.