పొట్టుకుప్ప మీద కూసున్నదెవరు

నవ్వుతే నవ్వుండ్రి... ఇది జరిగింది. మా మామ మీద ఒట్టు. నా కండ్లతోని చూసిన. కాదు, కండ్లతోని చూడలే. గదే అసలు పంచాయితీ.

నా పని మీకు ఎరుకే. మన పాలపుంతల చల్లటి దుమ్ము ఏడేడ ఉందో పటం గీసుడు. ఉత్త కంటికి ఆడ నల్లగ, ఖాళీగ ఉంటది. కంటికి ఆనని వేడి వెలుగుల చూస్తే ఆ దుమ్మే మెరుస్తది. దాని కడుపుల కొత్త చుక్కలు పుడుతుంటయ్. మామకు ఎన్నిసార్లు చెప్పినా "దుమ్ము చూసేతందుకు గంత సదువా?" అంటడు.

అందుకే ఆ మధ్య నారాయణఖేడ్ల మామ ఇంటికి పోయినప్పుడు వేడిని చూసే చిన్న కెమెరా పట్కపోయిన. ఫోనుకు తగిలిస్తరు. మా అత్త పోయి ఏడాది. ఆమె సాదిన బర్రె ఒక్కటే మామకు తోడు. దానికి రెండు ఈతల దూడలు బతకలే. ఈసారి కూడ పోతే కల్హేర్ అంగట్ల అమ్ముత అని ఖరాఖండిగ చెప్పిండు.

నేను పోయిన దినమే ఈనింది. పొద్దుగూకినంక. కరెంటు లేదు. దూడ కదలలే... మామ చెవులల్ల ఊదిండు, గడ్డితోని రుద్దిండు. ఏం లేదు. మా తాన రాత్రిపూట పాతిపెట్టరు. కొట్టం ఎనుక కంది పొట్టుకుప్పల పెట్టి, కుక్కలకు ఆనకుంట పైన పల్చగ కప్పిండు. గుంజకు కట్టేసిన బర్రె ఒక్కతీరుగ అరుస్తుంది.

"ఇగ అమ్ముత బిడ్డా," అన్నడు.

మామ మనసు మళ్లియ్యాల్నని కెమెరా తీసిన. "చూడు మామా, చీకట్ల అంతా ఎట్ల కనిపిస్తదో." చల్లటి గోడ నీలం. ఎచ్చటి బర్రె పసుపు. అట్ల తిప్పుకుంట కుప్ప మీదికి పోయిన. నీలం... నీలం...

ఆడ ఎవరో కూసున్నరు.

మనిషంత పసుపు. మోకాళ్లు ముడుచుకొని... ఒక చెయ్యి పొట్టు మీద పెట్టి. ఫోను దించిన. ఉత్త కుప్ప. ఎత్తిన. ఉంది. సర్... సర్... పొట్టు జారుతున్న చప్పుడు. బర్రె అరుసుడు బందు చేసింది.

మామ నా భుజం మీదికెళ్లి చూస్తుండు. "చెయ్యి ఏడ పెట్టిందో చూడు," అన్నడు మెల్లగ.

చెయ్యి కింద చిన్న మచ్చ. ఇంతకుముందు లేదు. పసుపు... నారింజ... పెద్దగైతుంది.

మామ ఉరికిండు. రెండు చేతులతోని పొట్టు గీరిండు. దూడ తుమ్మింది. మామ దాన్ని ఒళ్లె ఏసుకొని ఏడ్సిండు. నేను కూడ ఏడ్సిన.

మళ్ల ఫోను ఎత్తితే మామ, దూడ. అంతే.

ఊపిరి సన్నగ ఆడుతుండెనేమో, పొట్టు ఎచ్చదనానికి తేరుకుందేమో. దూడ సంగతి సరే. మరి కూసున్నది? బర్రె వేడి గోడకు తగిలి అట్ల ఆనిందేమోనని మర్నాడు రాత్రి అదే తాన నిలబడి మస్తు చూసిన. అసొంటిదేం ఆనలే. ఫొటో తీసుడు యాదికే రాలే. అది ఏందో నాకు ఇప్పటికీ తెల్వదు. వాపస్ వచ్చినంక మాత్రం, నా పటంల "ఏం లేదు" అని ఇడిచిపెట్టిన నల్ల జాగ ఒకటుంటే మళ్ల తెరిచి చూస్తున్న.

మామ బర్రెను అమ్మలే. దూడ చేనంత ఉరుకుతుంది. మొన్న పోయినప్పుడు చూస్తే పొట్టుకుప్ప మీద గోనెసంచి పరిచి ఉంది.

"ఇదేంది మామా?" అన్న.

"ఉత్త పొట్టు మీద కూసుంటే దురద పెడ్తది బిడ్డా," అన్నడు. "మీ అత్తకు అస్సలు పడకపోతుండె."